మూసిన డబ్బాకు ముక్కు కావాలి

చేవెళ్ల రోడ్డు మీద ఒక రేకుల షెడ్డులో నా ఉద్యోగమంతా గడిచింది. పికప్ బండ్ల వెనక తగిలించి లాక్కుపోయే ట్రెయిలర్లకు నాలుగు వైపులా గోడలు, పైన కప్పు, వెనక తలుపు పెట్టి మూసిన డబ్బాలుగా తయారు చేయడం మా పని. దాన్ని బాడీ కట్టడం అంటాం. ఐటీఐ చదివి వెల్డర్‌గా చేరాను, సూపర్‌వైజర్‌గా దిగిపోయాను. మధ్యలో ఏ కుర్చీ ఎప్పుడు ఎక్కానో రాయను. ఎక్కినవన్నీ ఒకే ప్లాస్టిక్ కుర్చీ, దానికీ ఒక కాలు వంకర.

ఇప్పుడు ఈ పనిలో చేరే పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, ఏం నేర్చుకోవాలి చారి సాబ్ అని అడుగుతుంటారు. వెల్డింగ్, రివిట్లు, రంగులు, కొలతలు అన్నీ వాళ్లకు నాకంటే బాగా వచ్చు. వాళ్లకు తెలియనిదల్లా ఒకటే. డబ్బా లోపలికి నీళ్లు ఎక్కడినుంచి వస్తాయో తెలియదు. వాళ్ల ఓనర్లకూ తెలియదు. కొనేవాళ్లకు తెలుసుకోవాలనే కోరిక కూడా లేదు. అందుకే ఇది రాస్తున్నాను. రాస్తూ రాస్తూ ఒకరిద్దరిని నాలుగు మాటలు అంటే, పెద్దాయన నోరు జారాడని సర్దుకోకండి. కావాలనే అన్నాను.

లీకేజీ, లీకేజీ

ట్రెయిలర్ లోపల తడి కనిపించగానే ప్రతి ఒక్కరి నోటా వచ్చే మాట లీకేజీ. పొద్దున్నే తలుపు తీస్తే కప్పు లోపలివైపు నీటిబొట్లు వేలాడుతుంటాయి. వాన పడి నెల దాటింది, బయట దుమ్ము లేస్తోంది, అయినా సరే లీకేజీయే. వెంటనే సందులు పూడ్చే సిలికాన్ గన్ను పట్టుకుని ఒకడు కప్పెక్కుతాడు. అతుకు కనిపించిన ప్రతిచోటా తెల్లగా పూస్తాడు. మర్నాడు ఇంకా ఎక్కువ కారుతుంది. ఇంకా ఎక్కువ పూస్తాడు. కొన్ని బండ్ల కప్పులు చూస్తే పుట్టినరోజు కేకుల్లా ఉండేవి, కొవ్వొత్తులు పెట్టడమే తరువాయి.

ఉడికిన అన్నం గిన్నె మీద మూత తీసి చూడండి. మూతకు లోపలివైపు నీళ్లుంటాయి. మూతకు చిల్లు పడిందని ఏ ఇల్లాలూ దానికి సిలికాన్ పూయదు. మా షెడ్డుకు వచ్చే పెద్దమనుషులకు మాత్రం ఆ ఆలోచన వచ్చేది కాదు. డబ్బా లోపలి గాలిలో తేమ ఉంటుంది. తెల్లవారుజామున రేకు చల్లబడితే ఆ తేమ రేకుకు తగిలి నీళ్లవుతుంది. ఆ తేమను లోపలికి తెచ్చేది మనమే. తడి సామాను పెడతాం, ఆరని చెక్క వేస్తాం, మనిషినో పశువునో నిలబెడతాం. ఊపిరి కూడా తేమే. అది బయటికి పోయే దారి లేకపోతే రేకు చెమట పడుతుంది.

గుర్తు పట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. వాన పడినప్పుడు మాత్రమే, ఎప్పుడూ ఒకే చోట కారితే అది లీకేజీ, నిశ్చింతగా పూసుకోండి. వాన లేని పొద్దున కప్పూ గోడలూ అంతటా తడిగా తగిలితే అది లోపలి చెమట. దానికి మందు గాలి. ఒక గోడకు కింద ఒక జాలీ, ఎదుటి గోడకు పైన ఒక జాలీ పెట్టాలి. కిందనుంచి పొడిగాలి వస్తుంది, పైనుంచి తడిగాలి పోతుంది. వాన కొట్టకుండా జాలీ మీద వంచిన రేకు టోపీ పెడితే చాలు. దుమ్ము వస్తుందంటారు, బల్లులు దూరతాయంటారు. దుమ్ము దులిపితే పోతుంది, బల్లిని తరిమితే పోతుంది. బూజు పట్టిన చెక్కను ఏం చేస్తారు?

చేవెళ్లలో ఒక టెంట్‌హౌస్ ఆయన మా దగ్గర పెద్ద ట్రెయిలర్ చేయించుకున్నాడు. ఫంక్షన్ అయిపోగానే కడిగిన తివాచీలు, మంచుకు తడిసిన పందిరి గుడ్డలు అట్లాగే మడిచి లోపల కుక్కి తాళం వేసేవాడు. కొన్నాళ్లకు పెళ్లికొడుకును కూర్చోబెట్టే ఎర్ర మఖ్మల్ సోఫాకు తెల్లగా గడ్డం మొలిచింది. ఆయన నా దగ్గరికి రాలేదు. ఎవరో గిట్టనివాళ్లు ఏదో చేయించారని తలుపుకు నిమ్మకాయలు కట్టాడు. లోపలి తేమకు ఆ నిమ్మకాయలకు కూడా బూజు పట్టింది. అప్పుడొచ్చాడు. సామాను ఎండలో ఆరబెట్టి ఎత్తు, నేల మీద పెట్టకుండా కర్రపట్టీల మీద పెట్టు, గోడకు ఆనించకు, బండి ఖాళీగా ఉన్నప్పుడు తలుపు ఓరగా తీసిపెట్టు అని చెప్పాను. ఇంతేనా అని చిన్నబుచ్చుకున్నాడు. ఏదైనా యంత్రం అమ్ముతానేమో అనుకున్నాడు.

ఇంకో తెలివి ఉంది. బూట్ల డబ్బాలో వస్తాయే చిన్న పొట్లాలు, తేమ పీల్చేవి, వాటిని దండలాగా గుచ్చి లోపల కట్టేవాళ్లు కొందరు. బూట్ల డబ్బాకు అవి సరిపోతాయి. మనిషి నిలబడే డబ్బాలో అవి పండుగ తోరణానికి మాత్రమే పనికొస్తాయి.

వాస్తు బాడీ

మా షెడ్డు యజమానిని అందరూ పటేలు అనేవాళ్లు. భూములున్న కుటుంబం, ఒకసారి సర్పంచి చేశాడు, మళ్లీ చేయాలని చూస్తున్నాడు. చెడ్డవాడని అనను. చెడ్డవాడైతే పని సులువయ్యేది, తిట్టి బయటికి వచ్చేవాణ్ని. ఆయన జబ్బు వేరు. ఓటున్న మనిషికి కాదు అని చెప్పలేడు. షెడ్డుకు వచ్చిన ప్రతి మనిషికీ ఓటున్నట్టే ఆయనకు కనిపించేది. కొనేవాడు ఏది అడిగితే అది ఆ క్షణం నుంచి ఇంజినీరింగ్.

ఇట్లా ఉండగా కనకమామిడిలో ఫార్మ్‌హౌస్ కట్టుకున్న ఒక సిటీ ఆయన తన ట్రెయిలర్ పూజకు సిద్ధాంతిని వెంటబెట్టుకొచ్చాడు. సిద్ధాంతి బండి చుట్టూ చేతులు వెనక కట్టుకుని తిరిగి, కుడివైపు గోడ కింద ఉన్న జాలీ ముందు ఆగాడు. బండి తూర్పుకు నిలబడి ఉంది కాబట్టి ఆ గోడ దక్షిణం. దక్షిణానికి కంత ఉంటే యజమానికి అరిష్టమని తేల్చాడు. నాకు ఆగలేదు. బండి చేవెళ్ల వైపు పోయేటప్పుడు ఒక దిక్కుంటది, మొయినాబాద్ వైపు వచ్చేటప్పుడు ఇంకో దిక్కుంటది గదా అయ్యగారూ అని అడిగాను. ఆయన తడుముకోలేదు.

"నడిచే బండికి దిక్కులుండవు చారీ. నిలిచిన బండికే ఉంటయి. ఇంటి ముంగట రోజు ఎట్ల నిలవెడతవో గదే దాని వాస్తు."

అందులో తర్కం లేదని అనలేను. నలభై మంది ఇంజినీర్లు కూర్చున్నా ఆ మాటకు జవాబు దొరకదు. పటేలు అప్పటికప్పుడు కింది జాలీకి రేకు కొట్టించాడు. ఒక్క పైజాలీ మిగిలితే జోడు లేని చెప్పులాగా కనిపిస్తోందని దాన్నీ మూయించాడు. వారం తిరక్కముందే షెడ్డు బోర్డు మీద కొత్త వరుస రాయించాడు, వాస్తు ప్రకారం బాడీలు కట్టబడును అని. గిరాకీ పెరిగింది. జనం నిజంగానే అడిగి మరీ జాలీలు లేని డబ్బాలు చేయించుకున్నారు. తూర్పు ముఖంగా పార్కింగ్ చేసి, ఊపిరాడక చెమటలు కక్కే ట్రెయిలర్లు మొయినాబాద్ చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయో ఆ దేవుడికే తెలియాలి.

దానికి తోడు నేల మీద మందపాటి రబ్బరు చాప. లోపల మెరుగ్గా కనిపించాలని దాన్ని ప్లైవుడ్‌కు అతికించి, అంచులన్నీ సిలికాన్‌తో మూసేసేవాళ్లం. నీళ్లు కిందికి దిగవని పటేలు ధీమా. నీళ్లకు పటేలంటే గౌరవం లేదు, ఎక్కడో ఒక మూల సందు చూసుకుని దిగేవి. దిగినవి ఎక్కిరావడానికి దారి ఉండేది కాదు. చాపను అతికించకండి, ఎత్తి ఆరబెట్టుకునేట్టు ఊరికే పరవండి, కింద నీళ్లు పోయే చిల్లులు పెట్టండి అని నేను చెప్పేవాణ్ని. చిల్లులున్న నేలను ఎవడు కొంటాడని ఆయన అడిగేవాడు. నిజమే, ఎవడూ అడిగి కొనడు.

బిజిలీ

మొయినాబాద్ పక్కన హిమాయత్‌నగర్ ఊళ్లో ఉండే యాదయ్యకు ఒక ఆడ గుర్రం ఉంది, పేరు బిజిలీ. తెల్లటిది, నుదుటి మీద మాత్రం మసి పూసినట్టు చిన్న మచ్చ. యాదయ్య తండ్రి టాంగా తోలేవాడు. టాంగాలు పోయాక కొడుకు బిజిలీని పెళ్లికొడుకులు ఊరేగే బరాత్‌లకు తిప్పుతూ ఇల్లు నడుపుతున్నాడు. పొలం లేదు, ఇంకో ఆదరవు లేదు. చుట్టుపక్కల ఫార్మ్‌హౌసుల్లో పెళ్లిళ్లు పెరిగేసరికి పిలుపులు బాగా వచ్చాయి. లారీల మధ్య రోడ్డు మీద గుర్రాన్ని నడిపించుకుపోవడం ప్రాణాంతకమైంది. పటేలే చనువుగా, మన షెడ్డులో బాడీ కట్టిచ్చుకో, నీకు పెళ్లిళ్లు నేను చెప్పిస్త అన్నాడు. అన్నట్టే చెప్పించాడు కూడా. అందుకని పటేలు మాట యాదయ్యకు దాటరానిదైంది.

కట్టింది వాస్తు బాడీయే. గుర్రం ఎంత ఊపిరి వదులుతుందో, ఎంత ఉచ్చ పోస్తుందో నేను చెప్పబోతే పటేలు ముక్కు మూసుకుని నవ్వాడు. ముందువైపు ఒక అద్దం కిటికీ ఉంది, బండి నడిచేటప్పుడు యాదయ్య దాన్ని జరిపి పెట్టేవాడు. ఆ మాత్రం గాలితో దారి వెంట గుర్రానికి గడిచేది. అసలు చిక్కు వానాకాలంలో వచ్చింది. కొట్టంలో బురదైతే గుర్రాన్ని ట్రెయిలర్‌లోనే కట్టెయ్యమని పటేలు సలహా ఇచ్చాడు. ఒక బండికి రెండు పనులని మురిసిపోయాడు. జల్లు పడుతుందని యాదయ్య ఆ అద్దం కూడా మూసేవాడు.

పొద్దున్నే చూస్తే గుర్రం వీపు మీద నీళ్లు కారి ఉండేవి. దాని ఊపిరే కప్పుకు తగిలి దాని మీదే పడేది. దగ్గు పట్టుకుంది. పశువుల డాక్టరు చూసి, లోపల బూజు వాసన వస్తోంది, గాలి తగిలేచోట కట్టమన్నాడు. యాదయ్య వచ్చి పటేలుకు చెప్పుకుంటే, ఇంకేముంది, లీకేజీ. సిలికాన్ పూయించాడు. మళ్లీ వస్తే మళ్లీ పూయించాడు. వానలు పోయి చలికాలం వచ్చింది, పూత మాత్రం ఆగలేదు.

ఆ తర్వాత బిజిలీ బండి ఎక్కనని మొరాయించడం మొదలుపెట్టింది. ఎక్కడానికి వెనక వాల్చే వాలుపలక మీద ఒక గిట్ట పెట్టేది, లోపలి చాప మీద రెండో గిట్ట ఆనించేది, చప్పున వెనక్కి తీసేసేది. యాదయ్య బెల్లం చూపించి, బతిమాలి ఎక్కించేవాడు. బద్ధకం పట్టిందన్నాడు పటేలు. దిష్టి తగిలిందన్నాడు సిద్ధాంతి, వెనక చక్రం దగ్గర గుమ్మడికాయ కొట్టించాడు. మెత్తటి నేల మీద కాలు పెట్టడానికి భయపడుతోందని ఎవరికీ తట్టలేదు. అంతమందిలోనూ ఉన్నదున్నట్టు చెప్పింది ఆ గుర్రం ఒక్కటే, దానికీ ఓటు లేదు.

కనకమామిడి పెళ్లి

కనకమామిడి ఫార్మ్‌హౌస్‌లో ఒక పెద్ద నాయకుడి ఇంట్లో పెళ్లి కుదిరింది. బరాత్‌కు తెల్లగుర్రం తెస్తానని పటేలు మాటిచ్చాడు. ఆ ఇంటివాళ్లను మెప్పిస్తే వచ్చే ఎన్నికల్లో పనికొస్తుందని ఆయన లెక్క. పెళ్లినాటి పొద్దున నన్ను పిలిచి, యాదయ్య ఇంటికి పోయి ఇంకో పూత పూసి రమ్మన్నాడు. సిలికాన్ గన్ను పట్టుకుని హిమాయత్‌నగర్ పోయాను.

పూత మాట దేవుడెరుగు, లోపలికి ఎక్కి మడమతో నొక్కగానే నేల దిగింది. ఒక మూల సిలికాన్ కోసి చాప ఎత్తాను. వాసనకు కళ్లు మండాయి. కింద ఉన్నది ప్లైవుడ్ అని చెబితేనే తెలుస్తుంది. నానిన అటుకుల ముద్దలాగా వేలికి వచ్చేసింది. అడుగున ఇనుప పట్టీలు గట్టిగానే ఉన్నాయి, వాటి మధ్య మాత్రం పొరలు పొరలుగా కుళ్లిపోయింది. ఇంతకాలం గుర్రం బరువును ఆ రబ్బరు చాప ఒక్కటే మోస్తోంది.

యాదయ్యను పిలిచి చూపించాను. రోడ్డు మీద నడిచే బండిలో చాప చిరిగి గుర్రం కాలు కిందికి దిగితే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేకపోయింది. ఆయన ముఖం పాలిపోయింది. గుర్రాన్ని ఒకసారి చూసి నాతో అన్నాడు.

"తోలకపోతె పటేలు కోపానికొస్తడు. ఆయన చెప్తేనే నన్ను పెండ్లిండ్లకు పిలుస్తుండ్రు. తోలుదామంటె నా పానం ఒప్పుతలేదు. ఏం జెయ్యాలె చారన్నా?"

తోలొద్దని చెప్పాను. చెప్పడం నాకు సులువే, ఆరేది ఆయన పొయ్యి. అది నాకు తెలుసు, ఆయనకు ఇంకా బాగా తెలుసు. నడిపించుకుపోదామంటే పటేలు ఒప్పుకోడు, ముస్తాబు చేసిన గుర్రం దుమ్ము కొట్టుకుపోతే నాయకుడి ఇంటి ముందు తన పరువు పోతుందంటాడు.

అనుకున్నట్టే కాసేపటికి పటేలు కారు దిగాడు. ఇస్త్రీ మడత నలగని తెల్లబట్టలు, మెడలో కండువా, చేతిలో రెండు ఫోన్లు. గుర్రానికి జీను బిగించి ఉంది, ముత్యాల కుచ్చులు కట్టి ఉన్నాయి, అయినా బండెక్కలేదేమని గద్దించాడు. ఎత్తిన చాప మూల చూపించాను. చూసి, మూలకు కొంచెం మెత్తబడ్డది, నడుమ గట్టిగనే ఉంటది అన్నాడు. నడుమ కూడా అంతేనన్నాను. ఈ ఒక్కరోజు పోనీయ్, రేపు కొత్త ప్లై వేద్దామన్నాడు. ఈ ఒక్కరోజు అనే మాటను నేను ఉద్యోగమంతా విన్నాను. ఈ దేశంలో ట్రెయిలర్లన్నీ ఆ మాట మీదే నడుస్తున్నాయి.

నేను వాలుపలక మీద అడ్డంగా నిలబడ్డాను. గుర్రం ఎక్కడానికి వీల్లేదన్నాను. యాదయ్య తల వంచుకుని కళ్లెం పట్టుకుని నిలబడ్డాడు. ఇంటి ముందు జనం పోగయ్యారు. జనం ముందు మాట పోవడం పటేలుకు చావుతో సమానం.

"ప్రతీదానికి అడ్డమొస్తవేందయ్య నువ్వు? గది మన షెడ్డు ప్లై. ఏనుగునెక్కిచ్చినా ఏం గాదు."

"ఏనుగెందుకు పటేలా, జర మీరెక్కి చూడుండ్రి," అన్నాను.

నిజం చెప్పాలంటే లోపల నాకు కొంచెం ఆశగానే ఉంది. పటేలు నిండు మనిషి. చెప్పులు విడిచి, కండువా సర్దుకుని, ఓట్లు అడగడానికి వేదిక ఎక్కినట్టే ఎక్కాడు. పట్టీల మీద రెండడుగులు పడ్డాయి, ఏమీ కాలేదు. మా వైపు తిరిగి చెయ్యి ఊపాడు. చూసిండ్రా అంటూ నడుమన నిలబడి, నమ్మకం కుదరాలని ఒకసారి ఎగిరాడు.

చాప పరపరమని చిరిగింది. కుడికాలు తొడదాకా కిందికి దిగి, బండి కింద మట్టికి తగిలి మడతపడింది. బండి అడుగునుంచి తెల్లటి పంచె చెంగు, దాని కింద పక్కకు తిరిగిన పాదం కనిపించాయి. పైన మనిషి సగమే ఉన్నాడు. ఫోన్లు రెండూ చెరొక మూలకు పోయి మోగుతున్నాయి, పెళ్లివారే చేస్తున్నట్టున్నారు. ఎడమకాలు ముందు పెట్టి ఎక్కడం వల్లే ఇదంతా అయిందని సిద్ధాంతి ఆ తర్వాత తేల్చాడు.

జనం పరుగెత్తారు. కిందనుంచి ఇద్దరు పాదాన్ని ఎత్తారు, పైనుంచి నలుగురు చంకలు పట్టుకుని లాగారు. కుళ్లిన చెక్క ముక్కలతో, గుర్రపు ఉచ్చ వాసనతో ఆ తెల్లబట్టలు బయటికి వచ్చాయి. మోకాలి కింద ఎముక విరిగిందని చూడగానే తెలుస్తోంది. దవాఖానకు తీసుకుపోవడానికి కార్లో పడుకోబెట్టారు. అంత నొప్పిలోనూ ఆయన కిటికీలోంచి, గుర్రాన్ని నడిపించుకొని అయినా తీస్కపొమ్మను, మాట పోతది అని మూలిగాడు. నవ్వు ఆపుకోలేక నేను అటు తిరిగాను.

యాదయ్య ఆ గుంపులో లేడు. తన బతుకు చేతిలో పెట్టుకున్న మనిషి కాలు విరిగి అరుస్తుంటే ఒక్క అడుగు అటు వేయలేదు. గుర్రం ముందర గొంతుకూర్చుని, దాని ముందుకాలిని ఎత్తి పట్టుకుని మోకాలి నుంచి గిట్టదాకా మెల్లగా తడుముతున్నాడు. పోయి పటేలును ఒకసారి పలకరించమని చెప్పాను, రేపు మళ్లీ ఆయన ముఖమే చూడాలి కదా అని. తల ఎత్తకుండానే అన్నాడు.

"పటేలు కాలుకు కట్టు గడతరన్నా. కొన్ని దినాలు పండుకుంటె అతుకుతది. దీని కాలు ఇరిగితె కట్టు గట్టరు. సూది ఏసి సంపేస్తరు."

నా నవ్వు ఎటు పోయిందో తెలియదు, కళ్లలో నీళ్లు తిరిగాయి. యాదయ్య ఆ కాలు కింద పెట్టి, బిజిలీ రెండో కాలు చేతుల్లోకి తీసుకున్నాడు.